జవాబు ముందే తెలియని ప్రయోగం

డిగ్రీలో జీవశాస్త్రం చదివే విద్యార్థి చేసే ప్రయోగాల్లో దాదాపు అన్నింటికీ ఫలితం ముందే తెలిసి ఉంటుంది. గ్రామ్ స్టెయినింగ్‌లో ఏ సూక్ష్మజీవి ఊదా రంగులో కనిపించాలో, చక్కెరల పరీక్షలో ఏ రంగు రావాలో సీనియర్ల రికార్డులో రాసే ఉంటుంది కాబట్టి, గొట్టంలో వేరే రంగు వచ్చినా రికార్డులోకి మాత్రం రావలసిన రంగే ఎక్కుతుంది. ఇందులో విద్యార్థులను తప్పుపట్టలేము. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు ఆ రంగుకే పడతాయి. విజయనగరంలో ఒక డిగ్రీ కళాశాలలో బయోటెక్నాలజీ బోధిస్తున్న నాకు చాలాకాలంగా ఒక కోరిక ఉండేది. జవాబు నాకు కూడా తెలియని ప్రశ్న ఒకటి విద్యార్థులకు అప్పగించి, వారు దానితో కుస్తీపడటం చూడాలని. సింథటిక్ బయాలజీ బృందం ఏర్పడిన తర్వాత ఆ కోరిక తీరింది. ఆ బృందంలో పిల్లలు ఏం నేర్చుకున్నారో, ఎక్కడ నేర్చుకున్నారో వివరంగా రాయాలనిపించింది.

సింథటిక్ బయాలజీ అంటే, క్లుప్తంగా, జన్యువులను విడి భాగాలుగా చూసి, వాటిని కావలసిన వరుసలో అమర్చి, జీవకణం చేత మనం అనుకున్న పని చేయించే ప్రయత్నం. 2000 జనవరిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. ఎలోవిట్జ్, లైబ్లర్ మూడు జన్యువులను ఒకదాన్నొకటి అణచేలా వలయంగా అమర్చి ఈ. కోలి అనే బాక్టీరియా కణాలు వెలుగుతూ ఆరుతూ ఉండేలా చేశారు. గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ రెండు జన్యువులతో ఒక స్విచ్చి తయారు చేశారు. ఆ తర్వాత 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థుల కోసం ఒక చిన్న కోర్సు మొదలైంది. 2004లో అది 5 బృందాల పోటీగా మారి, క్రమంగా ఐజెమ్ పేరుతో ప్రపంచమంతటి నుంచీ విద్యార్థులు పాల్గొనే వేదిక అయింది. 2006లో ఎడిన్‌బరో విద్యార్థులు తాగునీటిలో ఆర్సెనిక్‌ను పసిగట్టే బాక్టీరియాను రూపొందించే ప్రయత్నం చేశారు. 2009లో బెంగళూరు నుంచి వెళ్ళిన ఒక బృందంలోని కళా విద్యార్థులు తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసనను బాక్టీరియాతో పుట్టించాలని పూనుకున్నారు. ఈ రెండు ఉదాహరణలనూ నేను తరగతిలో తరచుగా చెబుతాను. ప్రశ్నను ఎంచుకున్నది ఆచార్యులు కాదనీ, అప్పటికి ఇంకా పట్టా చేతికి రాని పిల్లలేననీ మా విద్యార్థులకు తెలియాలన్నది నా ఉద్దేశం.

ఐజెమ్‌లో పాల్గొనడానికి కట్టవలసిన రుసుము, ప్రయాణ ఖర్చు మా స్థాయి కళాశాలకు మోయలేని భారం. అందుచేత పోటీ ఆలోచన పక్కన పెట్టి, అక్కడి బృందాల పని పద్ధతిని మాత్రం తీసుకున్నాం. అంటే ప్రశ్నను తామే వెతుక్కోవడం, ప్రయోగశాల పనిని, లెక్కల పనిని, బయటి జనంతో మాట్లాడే పనిని పంచుకోవడం, ఎవరు ఏం చేశారో రోజువారీగా నోటు పుస్తకంలో రాయడం. బయోటెక్నాలజీ విద్యార్థులతో పాటు ఒక గణిత విద్యార్థి, ఒక కంప్యూటర్ విద్యార్థిని కూడా చేరారు.

ప్రశ్న కోసం మొదట చాలా దూరం వెతికారు. ప్లాస్టిక్‌ను తినే బాక్టీరియా, క్యాన్సర్‌ను గుర్తించే కణాలు, ఇలా ఇంటర్నెట్‌లో కనిపించినవన్నీ పలకమీదికి వచ్చాయి. గరివిడి దగ్గరి రైతు కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి ఒక రోజు గోగు మాట ఎత్తాడు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట పొలాల్లో గోగు ఒకప్పుడు ప్రధానమైన వాణిజ్య పంట. ఈ ప్రాంతపు జూటు మిల్లుల చరిత్ర, నెల్లిమర్లతో సహా, ఈ నారతో ముడిపడి ఉంది. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం గోగు రకాలను రూపొందించింది. ఇంత ఉన్నా సాగు ఏటేటా తగ్గిపోతోంది. దానికి ధర ఒక కారణం, కూలీల కొరత ఒక కారణం. మూడోది, మా పిల్లలు పట్టుకున్నది, ఊరబెట్టడానికి నీరు లేకపోవడం.

గోగు కర్రను కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి 10 నుంచి 20 రోజులు ఊరనిస్తారు. బెరడులోని నారపోగులను పట్టి ఉంచే జిగురు పదార్థం పెక్టిన్. నీటిలోని సూక్ష్మజీవులు పెక్టినేజ్ ఎంజైములతో ఆ పెక్టిన్‌ను కరిగించాక నార కర్ర నుంచి విడివడుతుంది. తొందరపడి తీస్తే బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి, ఆలస్యమైతే నార బలం పోతుంది. బరక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధనా సంస్థ బాసిల్లస్ పుమిలస్ అనే బాక్టీరియా రకాలను కలిపి క్రైజాఫ్ సోనా అనే పొడిని ఇప్పటికే రైతులకు అందించింది. దాన్ని వాడితే ఊరే కాలం తగ్గుతుంది. మా పిల్లల ఆలోచన దానికి కాస్త పక్కగా సాగింది. బాసిల్లస్ సబ్టిలిస్‌లో పెక్టేట్ లయేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువును తీసి ఈ. కోలిలో పెట్టి, ఆ ఎంజైమును ఎక్కువగా పుట్టించి, దానితో నార తీయవచ్చునా అన్నది వారి ప్రశ్న. ఎంజైము పనిచేస్తుందని పుస్తకాలు చెబుతాయి. మా గోగు బెరడు మీద, మా ప్రయోగశాలలో ఉన్న సామగ్రితో, ఎంత పనిచేస్తుందో మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

మొదటి ఆలోచన జన్యువు మార్చిన బాక్టీరియానే చెరువులో వేయడం. అది మారిపోవడానికి కారణం చీపురుపల్లి వైపు ఒక ఊరిలో గోగు వేస్తున్న ఒక ముసలి అవ్వ. పిల్లలు తమ ఆలోచనను ఉత్సాహంగా వివరించాక ఆమె బృందంలోని అమ్మాయిని అడిగింది: "మీరేసే మందు ఆ నీటిలో పడితే మా పశువులు తాగొచ్చేటమ్మా?" తిరిగి వచ్చాక ఆ ప్రశ్న చుట్టూ చర్చ చాలాసేపు నడిచింది. జన్యువు మార్చిన జీవిని చెరువులో వదిలితే అది ఎక్కడికి వెళుతుందో, పెట్టిన జన్యువు వేరే బాక్టీరియాకు అందుతుందో లేదో చెప్పగల స్థితి మాకు లేదు. పెట్టే జన్యువును కణంలోకి మోసుకెళ్ళే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని ప్లాస్మిడ్ అంటారు; ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా దాని మీదే ఉంటుంది. చట్టం సంగతి సరే సరి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవిని బయట వదలడానికి కేంద్ర స్థాయి అనుమతి కావాలి. ఆఖరికి బాక్టీరియా ప్రయోగశాల దాటకూడదనీ, బయటికి వెళితే శుద్ధిచేసిన ఎంజైము మాత్రమే వెళ్ళాలనీ వారే తీర్మానించుకున్నారు. జీవభద్రత మీద నేను చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ అవ్వ ప్రశ్న వారికి బాగా తలకెక్కింది. పరిశోధన బృందంలో బయటి మనుషులతో మాట్లాడే పనిని అలంకారంగా చూసేవారికి నేను ఈ సంగతి చెబుతూ ఉంటాను.

జన్యు మార్పిడి పని మొదలుపెట్టాలంటే సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. అందులో వైద్యుడు ఒకరు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నియమించిన సభ్యులు ఒకరు ఉంటారు. మా దగ్గర ఆ కమిటీ ఏర్పడేదాకా పిల్లలు జన్యువు జోలికి పోలేదు. ఆ కాలంలో కమిటీకి ఇవ్వవలసిన దరఖాస్తును వారి చేతనే రాయించాను. ఏ జీవిని వాడుతున్నారు, అది మనిషికి హాని చేస్తుందా, వ్యర్థాలను ఎలా చంపుతారు అన్న ప్రశ్నలకు పూర్తి వాక్యాల్లో జవాబులు రాయవలసి రావడంతో, చేయబోయే పని మొత్తం వారికి ముందుగానే కళ్ళకు కట్టింది. మిగిలిన సమయంలో నీళ్ళతో పిపెటింగ్, అంటే ద్రవాన్ని అతి చిన్న కొలతల్లో తీయడం, సాధన చేశారు. మైక్రోపిపెట్‌తో 2 మైక్రోలీటర్లు తీయడం చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది. బొటనవేలి ఒత్తిడి మొదటి మెట్టు దాటి రెండో మెట్టులోకి వెళ్ళిందంటే గొట్టంలోకి వచ్చేది వేరే కొలత. సున్నితమైన తక్కెడలో నీటి బొట్టును తూచి చూసుకుంటే తప్ప ఎవరి చేయి ఎలా ఉందో తెలియదు. మాటల్లో చెప్పి నేర్పగల విషయం కాదది.

ఆ తర్వాత పని పుస్తకాల్లో ఉన్న వరుసలోనే జరిగింది. సుమారు 1260 బేస్ జతల పొడవున్న ఆ జన్యువుకు పీసీఆర్‌తో లెక్కలేనన్ని నకళ్ళు పెంచారు, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడగొట్టే అగరోజ్ జెల్‌లో సరైన చోట గీత కనిపించింది, కత్తిరించి ప్లాస్మిడ్‌లో అతికించారు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ మాకు లేదు కాబట్టి, బయటి డీఎన్‌ఏను తీసుకోగల కణాలను నిల్వ పెట్టుకునే వీలు లేక, అవసరమైన ప్రతిసారీ కాల్షియం క్లోరైడ్‌తో కొత్తగా తయారు చేసుకోవలసి వచ్చింది. ఆ కణాలు సరైన పెరుగుదల దశలో ఉన్నప్పుడే మంచులో పెట్టాలి. బృందంలో ఒక అమ్మాయి రోజూ పొందూరు నుంచి రైలులో వస్తుంది. సాయంత్రం ఆమె వెళ్ళిపోయే వేళకు కల్చర్, అంటే పోషక ద్రవంలో పెరిగే బాక్టీరియా, సిద్ధమయ్యేది కాదు. ఆమె ఒక కాగితం మీద గంటలను వెనక్కి లెక్కపెట్టి, హాస్టల్ పిల్లలు ముందు రాత్రి ఎన్ని గంటలకు కల్చర్ వేస్తే తాను వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందో పట్టిక వేసింది. అప్పటి నుంచి బృందం మొత్తం ఆ పట్టిక ప్రకారమే నడిచింది. ప్లాస్మిడ్ లోపలికి వెళ్ళేలా 42 డిగ్రీల నీటిలో కణాలను కొద్ది క్షణాలు ఉంచి మళ్ళీ మంచులో పెట్టే ఘట్టం కోసం మిగతావారు తరగతుల మధ్య విరామాల్లో పరుగెత్తుకుంటూ వచ్చేవారు.

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే భాగం ఇక్కడ మొదలవుతుంది. ఎంజైము తయారవుతోందో లేదో చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పెక్టిన్ సంబంధిత పదార్థాన్ని జెల్లీలా గట్టిపడే అగర్‌లో కలిపి, దానిమీద బాక్టీరియా కాలనీలను పెంచి, పైన సీటాబ్ అనే రసాయన ద్రావణం పోస్తే ప్లేటంతా మసకబారుతుంది; ఎంజైము పనిచేసిన చోట మాత్రం కాలనీ చుట్టూ తేటగా ఒక వలయం మిగులుతుంది. సీటాబ్ పోశాక కాలనీలు చచ్చిపోతాయి కనుక ముందుగానే ప్రతి కాలనీకీ నకలు తీసి వేరే ప్లేటులో పెట్టుకోవాలి. మా పిల్లలు నకళ్ళు తీశారు, ద్రావణం పోశారు, వలయాలు వచ్చాయి. ప్రయోగశాలలో ఒకటే సందడి. అప్పుడే గణితం చదివే అబ్బాయి, జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్ పెట్టిన ప్లేటు మీద కూడా ద్రావణం పోసి చూడాలని పట్టుబట్టాడు. పోశారు. ఆ ప్లేటులో కూడా కొన్ని కాలనీల చుట్టూ వలయాలున్నాయి.

రికార్డు పుస్తకం అలవాటు ప్రకారమైతే ఆ ప్లేటును పక్కకు తోసి మొదటి ప్లేటు ఫొటో అంటించవచ్చు. ఎవరూ ఆ మాట అనలేదు. అనుమానాలను పలకమీద రాసుకుని ఒక్కొక్కటిగా పరీక్షించారు. ప్లేట్ల మీద పేర్లు తారుమారయ్యాయా? నకలు ప్లేట్ల నుంచి మళ్ళీ పెంచి చూస్తే కాలేదని తేలింది. మేము వాడే ఈ. కోలికి స్వతహాగానే ఈ శక్తి ఉందా? ప్లాస్మిడ్ ఏదీ లేని కణాలను వేసి చూస్తే వలయం రాలేదు. అప్పుడు వలయమున్న కాలనీలను భూతద్దంతో శ్రద్ధగా చూశారు. ఈ. కోలి కాలనీ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఇవి పొడిబారి, అంచులు చిరుగులు పట్టినట్టు ఉన్నాయి. గ్రామ్ స్టెయిన్ చేశారు. గులాబీ రంగులో కనిపించవలసిన కడ్డీలు ముదురు ఊదాలో కనిపించాయి. మొదటి సంవత్సరంలో రికార్డు కోసం చేసిన అదే గ్రామ్ స్టెయిన్, అవే రంగులు. కానీ ఈసారి రంగు కోసం మైక్రోస్కోపు దగ్గర నిలబడిన వారి ముఖాలు నాకు గుర్తుండిపోయాయి. ఆ కల్చర్‌ను 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు వేడిచేసి మళ్ళీ ప్లేటు మీద గీస్తే, ఈ. కోలి అయితే చచ్చిపోవాలి, ఇది మాత్రం హాయిగా మొలిచింది. వేడిని కూడా తట్టుకునే గట్టి నిద్రాణ రూపాలను, అంటే స్పోర్లను, తయారు చేసుకునే బాసిల్లస్ జాతి అని తేలిపోయింది.

అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. గోగు ఊరిన చెరువు నీటి నమూనాలను, కర్ర ముక్కలను అదే గదిలో ఒక బల్ల మీద ఉంచారు. గదిలో వేర్వేరు చోట్ల మూతలు తీసిన ప్లేట్లను కొంతసేపు ఉంచి పెంచితే, ఆ బల్లకు దగ్గరగా ఉన్న ప్లేట్లలోనే ఆ పొడిబారిన కాలనీలు ఎక్కువగా వచ్చాయి. బల్లలను స్పిరిట్‌తో రోజూ తుడుస్తున్నాం కదా, ఎలా బతికాయని ఒకరు అడిగారు. 70 శాతం ఆల్కహాల్ స్పోర్లను చంపలేదనీ, దానికి బ్లీచింగ్ ద్రావణం కావాలనీ చదివి తెలుసుకున్నారు. ఆంపిసిలిన్ కలిపిన ప్లేటులో ఇవి ఎలా పెరిగాయన్నదానికి కూడా సమాధానం దొరికింది: కొన్ని బాసిల్లస్ జాతులు ఆ మందును విరిచే ఎంజైమును తామే తయారు చేసుకుంటాయి. నమూనాలను వేరే గదికి మార్చి, బల్లలను బ్లీచింగ్‌తో కడిగి, పని మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి ఖాళీ ప్లాస్మిడ్ ప్లేటు మసకగానే ఉండిపోయింది, జన్యువున్న ప్లేటులో వలయాలు వచ్చాయి. బయటికి పంపిన డీఎన్‌ఏ వరుస కూడా సరిపోయిందని నివేదిక వచ్చేదాకా సంబరం వద్దని వారే ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

శాస్త్రవేత్త అంటే ఎవరని తరగతిలో అడిగితే కొత్తది కనిపెట్టేవారని పిల్లలు జవాబిస్తారు. తన ఫలితాన్ని తానే మొదట అనుమానించే మనిషి అని నేను చెబితే రాసుకుంటారు, పరీక్షలో కూడా రాస్తారు. ఖాళీ ప్లాస్మిడ్ ప్లేటు ముందు నిలబడిన విద్యార్థులకు మాత్రం ఆ మాట రాసుకోవలసిన అవసరం ఇక ఉండదు. చేతులతో చేసే పరిశోధన అనుభవం అంటే ఖరీదైన పరికరాలను ముట్టుకోవడమని చాలామంది భావిస్తారు. నా ఉద్దేశంలో అది అనుకోని ఫలితాన్ని కారణం తెలిసేదాకా వెంబడించే అవకాశం. ఆ అవకాశానికి మాకు అక్కరకు వచ్చినవి భూతద్దం, గ్రామ్ స్టెయిన్ సీసాలు, ఒక నీటి తొట్టె, అన్నిటికంటే ఎక్కువగా సమయం. ప్రాక్టికల్ పీరియడ్ ముగియగానే గది ఖాళీ చేయించే కాలపట్టికలో ఈ వెంబడింపు జరగదు. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన తర్వాత ఆ సమయం కాగితం మీద దొరికింది. దాన్ని ఎక్కడో సంతకం తెచ్చుకునే పనికి కాకుండా ఇటువంటి పనికి వాడుకోవాలని తోటి అధ్యాపకులను నేను గట్టిగా కోరుతున్నాను.

లెక్కల పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రాజెక్టు దిశను రెండోసారి మార్చింది అదే. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతున్న గుంటలో 2 లక్షల లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఎంజైము చాలనుకున్నా 200 గ్రాములు కావాలి. లీటరు కల్చర్ నుంచి 20 మిల్లీగ్రాములు తీయగలమని అనుకుంటే 10,000 లీటర్ల కల్చర్ పెంచాలి. గణిత విద్యార్థి ఈ అంకెలను పలకమీద వేసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కంప్యూటర్ విద్యార్థిని, పచ్చి కర్ర నుంచి బెరడును ముందుగానే ఒలిచి, ఆ పట్టీలను మాత్రమే చిన్న తొట్టెలో ఊరబెట్టే పద్ధతి ఒకటి ఉందని చదివి వచ్చి చెప్పింది. 1000 లీటర్ల తొట్టెకు అదే లెక్కలో ఒక గ్రాము చాలు, దానికి 50 లీటర్ల కల్చర్ సరిపోతుంది. నీరు లేకనే గోగు మానేశామన్న రైతుల మాటకు కూడా ఈ దారి దగ్గరగా ఉంది. ఎంజైము బలాన్ని కొలవడానికి అతినీలలోహిత కాంతిలో చదివే పరికరం మాకు లేకపోవడంతో, పెక్టిన్ విరిగినప్పుడు ఏర్పడే చక్కెర కొసలను రంగుగా మార్చే డీఎన్ఎస్ పద్ధతిని ఎంచుకుని, రంగు గాఢతను కొలిచే పాత కలరీమీటర్‌లో 540 నానోమీటర్ల దగ్గర కొలిచారు.

ఇప్పటికి తేలింది చిన్న విషయమే. కాల్షియం కలిపిన క్షార ద్రావణంలో మా ఎంజైము వేసిన బెరడు ముక్కలు వేళ్ళతో లాగితే పోగులుగా విడిపోతున్నాయి. మరిగించి చంపిన ఎంజైము వేసిన ముక్కలు విడిపోవడం లేదు. నార బలం ఎంత మిగిలిందో ఇంకా కొలవలేదు, కొలిచేదాకా ఇది రైతుకు పనికొస్తుందని చెప్పే హక్కు మాకు లేదని నోటు పుస్తకం చివరి పేజీలో వారే రాశారు. ఈ ఏడాది వెళ్ళిపోయే విద్యార్థులు జూనియర్లకు అప్పగించిన వాటిలో గ్లిజరాల్‌లో దాచిన కణాలు, పొందూరు అమ్మాయి వేసిన గంటల పట్టిక, ఖాళీ ప్లాస్మిడ్ ప్లేటు ఫొటో ఉన్నాయి. జూనియర్లు మొదట చేయవలసిన పని సాదా కుళాయి నీటిలో, క్షార ద్రావణం లేకుండా, ఆ ఎంజైము ఎంతవరకు నిలుస్తుందో చూడటం. ఆ తర్వాత నారపోగును తెగేదాకా లాగి బలం కొలిచే యంత్రం ఉన్న చోటును వెతకాలి. చీపురుపల్లి అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, చెరువులో ఏమీ వేయబోవడం లేదని చెప్పి, తొట్టె పద్ధతికి ఆమె ఏమంటుందో విని రావడం కూడా వారి జాబితాలో ఉంది.